వాగు మీద పేరు

ఆ ఎండాకాలం మా అమ్మ వంతెన కాళ్ళకు నీళ్ళు పోసే కూలికి పోయింది. కొత్తగా పోసిన పిల్లర్లకు గోనెసంచులు చుట్టి, అవి ఆరిపోకుండా తడుపుతూ ఉండాలి. మిగతా కూలీలు మేస్త్రీ చూస్తున్నంతసేపు నాలుగు చుక్కలు చల్లి, ఆయన అటు తిరగగానే నీడకు పోయేవాళ్ళు. మా అమ్మ మాత్రం ట్యాంకర్ పైపు పట్టుకుని బర్రెను కడిగినట్టు కడిగేది.

“గంత నీళ్ళెందుకే? పిల్లరేమన్న మొలకెత్తుతదా?” అని నేను ఎగతాళి చేస్తే, “మీ నాయిన పేరు మోసే కాళ్ళు బిడ్డా. గట్టిగుండొద్దా?” అనేది.

మా నాయిన బక్కయ్య రెండేళ్ళ కిందటి వానాకాలంలో ఆ వాగులోనే పోయాడు. అప్పుడక్కడ వంతెన లేదు, కాజ్‌వే ఉండేది. నాలుగు వానలు పడితే చాలు, నీళ్ళు దాని మీది నుంచే పారేవి. ఆ రోజు పద్మశాలీల గండయ్య, ఊరి వరసకు నాకు పెద్దనాయిన, నేసిన చీరల మూటను టీవీఎస్ మీద కట్టుకుని, భార్య వెంకటనర్సమ్మను తీసుకుని చిట్యాల సేటు దగ్గరకు బయల్దేరాడు. వాగు చూసి ఆమె దిగిపోయింది. ఆయన మాత్రం మోకాలి లోతే కదా అని బండిని నెట్టుకుంటూ నీళ్ళలోకి పోయాడు. సగం దాకా పోయాక బండీ, మూటా, మనిషీ ఒక్కసారిగా కొట్టుకుపోయారు. గట్టు మీద మేకలు కాస్తున్న మా నాయిన తువ్వాల పారేసి దూకాడు. తెల్లారి ఇద్దరూ కింద తుమ్మ పొదల్లో దొరికారు.

దూకడం చూసింది వెంకటనర్సమ్మ పెద్దమ్మ ఒక్కతే. ఆ రోజు గుండెలు బాదుకుంటూ ఊరందరికీ చెప్పింది: “నా మొగని కోసం దుంకిండు బక్కయ్య! దుంకిండు!” అని. విన్నవాళ్ళంతా ఏడ్చారు. మా మాదిగవాడ, వాళ్ళ సాలోళ్ళ వాడ కలిసి ఏడ్చింది నా ఎరుకలో అదొక్కసారే. ఆ ఏడుపు పేపర్లో పడింది, ఎమ్మెల్యే వచ్చాడు, కొబ్బరికాయ కొట్టాడు, చివరికి మా తంగెడుగూడేనికి వంతెన వచ్చింది.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. నల్గొండ నుంచి మా ఊరి మీదుగా చిట్యాల పోయే బస్సు నాది. డ్యూటీ లేని రోజు అమ్మకు సద్ది తీసుకుని వాగు దగ్గరకు పోయేదాన్ని. వెంకటనర్సమ్మ పెద్దమ్మ కూడా వచ్చి బండ మీద కూర్చునేది. వయసులో ఉన్నప్పటి నుంచీ అమ్మ వాళ్ళింట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టే పనికి పోయేది. ఇద్దరికీ మాటలు ఒడిసేవి కావు. పెద్దమ్మ పచ్చిపులుసు తెచ్చి అమ్మ గిన్నెలో ఎత్తు నుంచి పోసేది, చెంబు గిన్నెకు తగలకుండా. అమ్మకది ఎన్నడూ కనపడలేదు. నాకు ప్రతిసారీ కనపడేది.

“రెండు పేర్లు పక్కపక్కన రాపియ్యాలె బిక్షమ్మా,” అనేది పెద్దమ్మ. “కలిసి పోయిన్రు. కలిసే ఉండాలె.”

“గంతే గదక్కా. మనకేం గావాలె?” అని అమ్మ మళ్ళీ పైపు అందుకునేది.

చచ్చినవాడి కండ్లు చారెడు అంటారు. పిల్లర్లు లేచి, వాటి మీద పలకలు పడే కొద్దీ మా ఊళ్ళో ఆ ఇద్దరి కండ్లూ పెద్దవవుతూ వచ్చాయి. వంతెనకు పేరు మీరే తేల్చుకుని రండి, కమాను మీద రాయిస్తాను అని ఎమ్మెల్యే అన్నాడట. ఇక చూసుకోండి. పెళ్ళి విందులో కూడా అదే ముచ్చట, కటింగ్ షాపులో కూడా అదే ముచ్చట.

పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. మాజీ సర్పంచ్ నరహరి కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరి పేర్లూ పెట్టాలని అందరూ ఒప్పుకుని వచ్చినవాళ్ళే. కానీ ఎవరి పేరు ముందు? దాని మీద పడ్డారు.

“దుంకినాయన పేరు ముందట ఉండాలె,” అన్నాడు మా తమ్ముడు డానియల్.

“వయసుల పెద్దోడు గండయ్య. పెద్దోని పేరు ముందట ఉంటే మీకేం నొప్పి?” అన్నారు సాలోళ్ళు.

“నొప్పి మాకెందుకు? ఏరు దాటేదాంక ఓడ మల్లన్న, దాటినంక బోడ మల్లన్న. గంతే గదా మీ లెక్క?”

డానియల్‌కు నోరెక్కువ. మా నాయిన పోలిక కాదు, నా పోలిక. నేను కాలు తొక్కుతున్నా వినలేదు. అప్పుడు లేచాడు శ్రవణ్‌కుమార్. గండయ్య పెద్దనాయిన కొడుకు. చిట్యాలలో ఫ్లెక్సీలు కొట్టే షాపు ఉంది. ఊళ్ళో ఎవరి పుట్టినరోజుకైనా మొహాలు అచ్చేసేది అతనే. అందరి మొహాలు వేసీ వేసీ తన మొహం కూడా ఒకసారి సర్పంచ్‌గా చూసుకోవాలని ఆశపడుతున్నాడని అందరికీ తెలుసు.

“అసలు దుంకింది ఎవలు?” అన్నాడు. “బక్కయ్య తాగి కాజ్‌వే మీద తూలుకుంట పోతాంటే, మా బాపు పట్టుకోబోయి పోయిండు. గదీ జరిగింది.”

నాకైతే నవ్వొచ్చింది, నమ్మండి. బాప్తిస్మం తీసుకున్నాక మా నాయిన కల్లు కూడా ముట్టలేదు. తాటిచెట్ల పక్క నుంచి పోతే కల్లు గీసే గౌండ్లాయన, “ఏం బక్కయ్యా, వాసన జూసినా పాపమేనా?” అని ఆటపట్టించేవాడు.

“గప్పుడు మీ అమ్మనే జెప్పింది గదరా, దుంకిండని?” అన్నాను.

“గప్పుడామెకు సోయి ఉన్నదా అక్కా? మొగడు పోయిన మనిషి. ఏమన్నదో ఏమో.”

వెంకటనర్సమ్మ పెద్దమ్మ కడప దగ్గరే కూర్చుని ఉంది. అందరూ అటు తిరిగారు. అమ్మ లేచి ఆమె ఎదుట కింద కూర్చుంది.

“అక్కా, జెప్పక్కా.”

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు వైపు చూడలేదు, అమ్మ వైపు చూడలేదు.

“గా వానల నాకేం కనపడ్డదో ఏం కనపడలేదో బిక్షమ్మా. నాకేం యాదికి లేదు,” అన్నది.

నరహరి గొంతు సవరించుకుని, మళ్ళీ ఇంకోనాడు కూర్చుందామన్నాడు. మళ్ళీ కూర్చోలేదు.

అమ్మ మాత్రం వాళ్ళింటికి పోతానన్నది. నేనూ వెంట పోయాను. పెద్దమ్మ మగ్గం గుంట పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. మేము పోయినా చెయ్యి ఆపలేదు.

“అక్కా, నాకు పేరొద్దు,” అన్నది అమ్మ. నేను ఉలిక్కిపడ్డాను. “పేరు మీదే పెట్టుకోండి. ఒక్క గండయ్య బావ పేరే రాపియ్యుండి. మేం అడ్డం రాం. నా పెనిమిటి తాగలేదని ఒక్క మాట జెప్పు. నలుగుట్ల చెప్పకున్నా సరే, శ్రవణ్‌తోనన్న జెప్పు.”

రాట్నం తిరుగుతూనే ఉంది. పెద్దమ్మ దారం మీది నుంచి కన్ను తీయకుండానే అన్నది: “వాని బతుకు వానిది బిక్షమ్మా. నేను వాని కంచంల తింటాన. నువ్వు ఇంటికి పో.”

“మరి నా మొగని బతుకో?”

“పోయిండు గదనే. పోయినోనికి ఏముంటది?”

చుట్టిన కండెలు కొన్ని కిందికి దొర్లితే, అమ్మ అలవాటు కొద్దీ వంగి, ఏరి బుట్టలో వేసి బయటికొచ్చింది. ఆ కండెలు ఏరినందుకు నాకు అమ్మ మీద వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. మరునాడు మళ్ళీ పిల్లర్లకు నీళ్ళు పోయడానికి పోయింది.

మే నెల ఆఖర్లో వంతెన మొదట్లో ఫ్లెక్సీ లేచింది. పూలదండ వేసిన గండయ్య పెద్దనాయిన ఫొటో, కింద “ప్రాణదాత గండయ్య వారధి” అని ఎర్రక్షరాలు, పక్కన చేతులు జోడించిన శ్రవణ్‌కుమార్. పైన మూలకు ఎమ్మెల్యే నవ్వుతున్నాడు. రోడ్డు పనికి తెచ్చిన డాంబరు అక్కడే డ్రమ్ములో ఉంది. డానియల్ ఒక డబ్బాడు ముంచి ఆ ఫ్లెక్సీకి కొట్టాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగానే. పెద్దనాయిన మొహం మీద పడితే ఊళ్ళోనే తిట్టుకుని కొట్టుకుని ఊరుకునేవాళ్ళేమో. అది పోయి ఎమ్మెల్యే మొహం మీద పడింది. సాయంత్రానికల్లా పోలీసు జీపు వచ్చింది.

డానియల్ అప్పటికి కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు గెలిచి, రాతపరీక్ష కూడా గట్టెక్కి, పిలుపు కోసం చూస్తున్నాడు. కేసు పడితే ఆ ఉద్యోగం మట్టిలో కలిసినట్టే. అమ్మకు పేపరు చదవడం రాదు కానీ ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

స్టేషన్ ముందు వేపచెట్టు కింద మమ్మల్ని నిలబెట్టారు. ఎస్సై కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. నరహరి అటూ ఇటూ తిరిగి మాట్లాడి వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. అందరూ బాగుండాలని కోరుకుంటూ ఎప్పుడూ బలమున్నవాడి పక్కన నిలబడే మనిషి.

“కేసు లేకుంట చేస్తరు బిక్షమ్మా,” అన్నాడు. “పోరగాని భవిష్యత్తు ఖరాబు చేసుడు ఎవలికీ ఇష్టం లేదు. ఒక్కటే. పేరు లొల్లి ఇంతటితోని బంద్ గావాలె. గా ముచ్చట నువ్వే నీ నోటితోని తెంపెయ్యాలె.”

“ఏమనాలె?”

నరహరి నేల చూశాడు. “ఆ రోజు తాగిండని.”

“అమ్మా, వద్దు. పా, ఇంటికి పోదాం,” అన్నాను నేను. “వకీల్‌ను పెడదాం.”

అమ్మ నా వైపు చూడలేదు. స్టేషన్ తలుపులో నుంచి లోపల గోడకు ఆనుకుని కూర్చున్న డానియల్ కనపడుతున్నాడు. అంగీ తీసేశారు. బనీను మీద డాంబరు మరకలు. శ్రవణ్‌కుమార్ ఎదురుగా వచ్చి, వీడియో తీయడానికి ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

“తాగిండు,” అన్నది అమ్మ.

పక్క రోడ్డు మీద లారీ పోయింది.

“జర గట్టిగ జెప్పు చిన్నమ్మా. ఇనపడలే,” అన్నాడు శ్రవణ్.

“తాగిండు. నా పెనిమిటి ఆ రోజు తాగి ఉండె.”

ఎస్సై చాయ్ గ్లాసు కింద పెట్టి, పోరణ్ణి తోలుకపొమ్మన్నాడు. కాయితాల పని ఉందని డానియల్‌ను ఇంకాసేపు ఆపారు. మేమిద్దరం ఆటోలో తిరిగొచ్చాం. దారిలో అమ్మ, వాడికి ఆకలై ఉంటది, కోడిగుడ్లు ఉన్నాయా లేవా అని అడిగింది.

డానియల్ ఇల్లు చేరేలోపే ఆ వీడియో వాడి ఫోనుకు చేరింది. శ్రవణ్ ఊరి గ్రూపులో పెట్టాడు. అమ్మ పళ్ళెంలో అన్నం పెట్టి కూర్చుంది. వాడు కడప దాటి లోపలికి రాలేదు.

“నాయిన్ను అమ్మి నన్ను కొనుక్కొచ్చినవా?”

“సచ్చినోనికి నొప్పి ఉండదు బిడ్డా. నువ్వు బతికున్నవ్. రా, తిను.”

“నేనడిగిన్నా? లోపల ఉంటనన్న గదా! ఉండనిస్తే ఏంబోయింది?”

అమ్మ పళ్ళెం వాడి వైపు జరిపింది. వాడు కడప అవతలి నుంచే తిరిగి, అదే బనీను మీద హైదరాబాద్ పోయాడు. ఉద్యోగానికి పిలుపు వచ్చినప్పుడు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళు నాయినను తాగుబోతును చేసిన అన్నమే తినాలి, నాకొద్దక్కా అన్నాడు. పోలేదు. క్యాబ్ తోలుకుంటున్నాడు. దేని కోసం అమ్మ ఆ మాట అన్నదో అది కూడా దక్కలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఏ దేవుడి మీద ఏ మాట రావాలో అన్నీ వస్తాయి.

చర్చిలో ఎవరూ అమ్మను ఏమీ అనలేదు. పాస్టర్ మాత్రం ఆ ఆదివారం తాగుడు బంధకాల నుంచి ఈ వాడను విడిపించమని పెద్ద ప్రార్థన చేశాడు. మంచి మనసుతోనే చేసి ఉంటాడు. అమ్మ మధ్యలోనే లేచి వచ్చేసింది. మళ్ళీ చర్చికి పోలేదు. జూన్‌లో వంతెన తెరిచారు. ఎమ్మెల్యే రిబ్బను కత్తిరించాడు, డప్పులు మోగాయి. డప్పు కొట్టింది మా వాడవాళ్ళే. కమాను మీద గండయ్య వారధి అని రాయించారు. తరవాతి వారం అమ్మ హుజూర్‌నగర్‌లో ఉన్న చెల్లెలు ఎస్తేరు దగ్గరకు పోతానన్నది. వంతెన మీదుగా పోతే సులువు. ఆమె వాగు ఇవతలే పొలాల్లో నడిచి పక్క ఊళ్ళో బస్సెక్కింది. ఒక్కనాడు కూడా వంతెన దాటలేదు. పోయేటప్పుడు తాళం చెవి నాకిచ్చి, “నెలకోపాలి ఇల్లు ఊడువు బిడ్డా,” అని ఒక్కటే మాట అన్నది.

బస్సు మాత్రం రోజూ ఆ వంతెన మీది నుంచే పోవాలి. కొత్త స్టేజీ పెట్టారు. నా టికెట్ మిషన్‌లో ఆ పేరు ఎక్కింది. నా నోటితోనే పిలవాలి. మొదట్లో పేరు మింగేసి, “బ్రిడ్జి, బ్రిడ్జి” అని ఊరుకునేదాన్ని. దారిలో ఇంకో పాత బ్రిడ్జి ఉంది. అక్కడ దిగాల్సిన వాళ్ళు ఇక్కడ, ఇక్కడి వాళ్ళు అక్కడ దిగి నన్ను తిట్టేవాళ్ళు. తరవాత తరవాత గొంతుకు అదే అలవాటైంది.

వానలు పట్టిన రోజుల్లో ఒకనాడు నల్గొండలో వెంకటనర్సమ్మ పెద్దమ్మ ఎక్కింది. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది, కానీ వెనకున్నవాళ్ళు నెట్టారు. ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కానీ సున్నా టికెట్ కొట్టాలి, ఎక్కడికో చెప్పాలి. నేను ఆధార్ కార్డు చూసి అడిగాను.

“ఏడికి?”

“బ్రిడ్జి కాడికియ్యి బిడ్డా.”

“ఏ బ్రిడ్జి? రెండున్నయి.”

ఆమె నా మొహం చూసింది. “మన ఊరి కాడిది.”

“పేరు జెప్పాలె.”

వెనక సీటు ముసలామె కల్పించుకుంది. “మొగని పేరు ఎట్ల జెప్తదమ్మా ఆడిది? గండయ్య బ్రిడ్జి. కొట్టియ్యరాదు, జర.”

“ఆమెనే జెప్పనియ్యి,” అన్నాను. బస్సంతా మా వైపే చూస్తోంది. చూడనీ అనుకున్నాను. మా అమ్మను రెండోసారి గట్టిగా చెప్పమన్నప్పుడు ఎవరైనా అడ్డం వచ్చారా?

పెద్దమ్మ ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. మాట వచ్చినప్పుడు మాత్రం చిన్నగా రాలేదు.

“మీ నాయిన గట్టు మీద ఉండె. నేనే పోయి కాళ్ళ మీద పడ్డ. నీ బాంచెన్ బక్కయ్యా, నీ కాల్మొక్కుత, ఆయన్ను పట్టుకో అన్న. మీ నాయిన నన్ను లేపి తువ్వాల పారేసి దుంకిండు. గాడికియ్యి టికెట్.”

దూకాడని ఆ రోజు ఊరంతా విన్నది. ఆమె కాళ్ళ మీద పడిందని మాత్రం ఎవరూ వినలేదు. ఎత్తు నుంచి పచ్చిపులుసు పోసే మనిషి మా నాయిన కాళ్ళు పట్టుకుంది. అది చెప్పుకోవడం కంటే ఆయన తాగుబోతు అయితేనే ఆమెకు నయమనిపించింది కావచ్చు. నేను బటన్ నొక్కాను. టికెట్ వచ్చింది. దాని మీద గండయ్య వారధి అనే ఉంది. చింపి ఆమె చేతిలో పెట్టాను.

“ఈ మాట మా అమ్మకు జెప్పు,” అన్నాను.

“ఏ మొఖంతోని జెప్పాలె బిడ్డా? నువ్వే జెప్పు.”

వంతెన దగ్గర స్టేజీ పేరు గట్టిగా పిలిచాను. ఆమె దిగి, కమాను వైపు చూడకుండా తల వంచుకుని పోయింది. కింద వాగు ఎర్రగా పారుతోంది.

డ్యూటీ దిగగానే డిపో గోడ పక్కన నిలబడి హుజూర్‌నగర్‌కు ఫోన్ చేశాను. ఎస్తేరు చిన్నమ్మ అమ్మకిచ్చింది. ఒక్క మాట వదలకుండా అంతా చెప్పాను. కాళ్ళు పట్టుకుందట, నాయిన లేపాడట, బస్సంతా విన్నదట అని. చెబుతూ చెబుతూ నాకే ఏడుపొచ్చింది. అమ్మ సంతోషపడుతుందనుకున్నాను, పిచ్చిదాన్ని. లైను కట్ అయిందేమోనని రెండుసార్లు “అమ్మా” అన్నాను.

“ఇంటాన బిడ్డా,” అన్నది. “ఆమె అన్నది మంచిగనే ఉన్నది. మరి నేనన్నది ఏడికి పోతది?”